చేతికి తెలియని తడి

పదకొండు రోజులుగా భిలాయికి ఎండ లేదు. కుండపోతగా కురిసి వెళ్లిపోయే వాన అయితే ఒక రకం. ఇది కురవదు, వదలదు. సన్నగా తుంపర పడుతుంది, ఆగుతుంది. ఆగినప్పుడు గాలి కూడా ఆగుతుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఈలోగా మళ్లీ తుంపర. సెక్టర్ ఆరులో ఏ క్వార్టరు వరండాలో చూసినా తాళ్లు, తాళ్ల నిండా బట్టలు. ఏవి నిన్నటివో ఏవి మొన్నటివో ఇంటివాళ్లకే గుర్తుండదు.

సత్యమూర్తి ఆరబెట్టాల్సినవి దుప్పట్లు. రోజుకు మూడు, ఒక్కో రోజు నాలుగు. అన్నీ తమ్ముడు గోపాలం కింద పరిచేవి.

గోపాలానికి నలభై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపు కప్పు మీద రేకులు బిగిస్తూ జారి పడ్డాడు. వెన్ను విరిగింది. బొడ్డు కింద నుంచి వాడికేమీ తెలియదు. చీమ కుట్టినా తెలియదు, వేడినీళ్లు ఒలికినా తెలియదు. మూత్రానికి గొట్టం ఉంది, గొట్టానికి సంచీ ఉంది, అయినా పక్కనుంచి కారుతూనే ఉంటుంది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. సత్యమూర్తికి పిల్లలు లేరు, భార్య సీత పోయి అయిదేళ్లయింది. ఆ రెండు గదుల క్వార్టర్లో ఇప్పుడు అన్నదమ్ములిద్దరే.

సత్యమూర్తికి రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. పై అధికారుల కాళ్లావేళ్లా పడితే ఎప్పుడూ మొదటి షిఫ్టే ఉండేటట్టు రాశారు. పొద్దున్న అయిదున్నరకి స్కూటర్ తీస్తాడు, మధ్యాహ్నం రెండున్నరకి వస్తాడు. ఆ మధ్యలో దులారి అనే ఆవిడ వచ్చి గోపాలాన్ని ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పుతుంది, అన్నం పెడుతుంది. ఉతై దగ్గర పల్లె ఆవిడది. ఈ వరసలో అయిదిళ్లు చేస్తుంది.

కర్మాగారంలో సత్యమూర్తి పని ఇటుక కట్టడం. కరిగిన ఉక్కును మోసే బానలుంటాయి, లాడిల్ అంటారు, మేడంత ఎత్తు. వాటి లోపల వేడికి తట్టుకునే ఇటుక కడతారు. కట్టగానే సరిపోదు. కట్టిన ఇటుకలో, సున్నంలో, సందుల్లో తడి ఉంటుంది. ఆ తడి మీద కరిగిన ఉక్కు పడితే పేలుతుందని అక్కడ కొత్తగా చేరినవాడిక్కూడా ఒకరు చెప్పక్కర్లేదు. అందుకని బాన మీద మూత దించి, లోపల గ్యాసు మంట పెట్టి, మెల్లగా, తొందర లేకుండా, ఒక పగలూ ఒక రాత్రీ ఆరబెడతారు. ముప్పై ఒక్క ఏళ్లుగా సత్యమూర్తి చేస్తున్నది అదే. చదువు ఊళ్లో ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, తడి గురించి తనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదని ఒక నమ్మకం. ఎవరితోనూ అనలేదు. అనడం అలవాటు లేదు.

అందుకని ఈ వానలు పట్టగానే వెనక గదిని లాడిల్‌లా చేశాడు. కిటికీ మూశాడు, రెక్కల సందులో గుడ్డపీలికలు కుక్కాడు, తలుపు కింద గోనెసంచి మడత పెట్టాడు. నాలుగు తాళ్లు కట్టాడు. చలికాలం వాడే కాయిల్ హీటరు అటక మీంచి దించి గది మధ్యలో పెట్టాడు. రాత్రి ఉతికి వేసినవి పొద్దున్నకి వెచ్చగా, రొట్టె ముట్టుకున్నట్టుగా ఉండేవి. అరచేత్తో అటూ ఇటూ నిమిరి చూసి, మడిచి, తెచ్చి తమ్ముడి కింద వేసేవాడు.

గోపాలం మంచం మీంచి నవ్వేవాడు.

"లాడిల్‌ని హీటింగ్‌కి పెట్టావేటన్నా? ఏ టైముకి ఉక్కు పోస్తావు నా మీద?"

"తిరుగు" అనేవాడు సత్యమూర్తి. తిప్పేవాడు.

ఇరవై నాలుగు గంటలూ అలా నోరు ఆడుతూనే ఉంటుంది గోపాలానికి. దులారి కొడుకుల పెళ్లిళ్లు, పక్క క్వార్టరు జగ్గయ్య మోకాళ్ల నొప్పులు, మొబైల్లో చూసిన క్రికెట్టు, అన్నీ వాడికే కావాలి. ఆ నోరు ఒకప్పుడు ఆగిపోయిందంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

పడిన తరవాత రాయపూర్‌లో పెద్దాసుపత్రిలో అయిదు నెలలున్నాడు. రెండు నెలలు మాట్లాడాడు. మూడో నెలలో తగ్గించాడు. ఒక రోజు పూర్తిగా మానేశాడు. డాక్టర్లు గొంతులో గొట్టం వేసి చూశారు, తలకి ఫొటో తీశారు, ఏ లోపమూ లేదన్నారు. అన్నం నోటికందిస్తే తినేవాడు, లేకపోతే లేదు. సత్యమూర్తి వారానికి మూడుసార్లు లోకల్ బండెక్కి వెళ్లి, బల్ల మీద రెండు గంటలు కూర్చుని వచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకోకపోవడం బయటివాళ్లకు వింతగా కనిపించలేదు, ఒకడు ఎప్పుడూ మాట్లాడడు కాబట్టి. ఇంటికి తెచ్చాక కూడా నలభై రోజులు అంతే. నలభై ఒకటో రోజు అన్నం తింటూ "పప్పులో ఉప్పు నేదన్నా" అన్నాడు. సత్యమూర్తి వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా పట్టుకుని, గట్టు దగ్గర కాసేపు ఊరికే నిలబడి, తరవాత తెచ్చి వేశాడు.

మంగళవారం మధ్యాహ్నం సిస్టర్ ఇందుమతి వచ్చింది. మంగళ శుక్రవారాలు డ్రెస్సింగు కోసం వస్తుంది. ఆవిడ తాతది టెక్కలి వైపు, ఆవిడ పుట్టింది ఇక్కడే. తెలుగు మొదలుపెడితే హిందీలో తేలుతుంది.

ఆవిడ వచ్చే వేళకి సత్యమూర్తి దుప్పటి తీసేసి రబ్బరు షీటూ పాత పేపర్లూ వేసి ఉంచుతాడు. గోపాలాన్ని పక్కకి తిప్పి పట్టుకున్నాడు. నడుం కింద, తోక ఎముక ఉండే చోట పుండు. ఇందుమతి పట్టీ ఊడదీసింది.

"శుక్రవారం రూపాయి బిళ్లంత ఉంది అంకుల్" అంది. "ఇప్పుడు చూడండి."

చూశాడు. టీ కప్పు మూతి అంత ఉంది.

"చుట్టూ చర్మం చూడండి. తెల్లగా, ఉబ్బిపోయి. రోజంతా గిన్నెలు తోమితే వేళ్లు ఎలా అవుతాయి, అలాగ. కింద తడి తగులుతోంది భయ్యాకి."

"దుప్పటి రోజుకి మూడుసార్లు మారుస్తున్నానమ్మా."

"నాలుగుసార్లు మార్చండి. మధ్యాహ్నం దులారీ దీదీని మార్చమనండి. తడి అస్సలు ఉండకూడదు."

"సెమట సిస్టర్" అన్నాడు గోపాలం గోడకేసి చూస్తూ. "వెనక వైపు నాకు సంబంధం నేదు గానీ, సెమట మాత్రం నాదే."

ఇందుమతి నవ్వలేదు. కడిగి, మందు పెట్టి, కొత్త పట్టీ వేసింది. గ్లవ్స్ తీస్తూ చెప్పింది.

"శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికి తగ్గే దారిలో పడకపోతే రాయపూర్‌కి రాసెయ్యాలి. ఎముక దాకా వెళ్తే ఇంట్లో అయ్యే పని కాదు. ఆపరేషన్, రెండు నెలలు బెడ్డు. ముందే చెప్తున్నా."

రాయపూర్ మాట వినగానే గోపాలం కళ్లు మూసుకున్నాడు. ఆవిడ వెళ్లిన అరగంటకి గానీ తెరవలేదు. తెరిచాక క్రికెట్టు పెట్టమన్నాడు. పెడితే చూడలేదు.

సత్యమూర్తికి భయం వేసి ఉండాలి. వేసినట్టు అనిపించలేదు. గడపలో ఇందుమతి చెప్పుల తడి మరకలు రెండు మిగిలితే, అవి ఆరుతాయా అని చూస్తూ నిలబడ్డాడు. ఆరలేదు. శుక్రవారానికి మూడు రోజులుంది. మూడు రోజుల్లో పుండు ముడుచుకోవాలి. లేకపోతే తమ్ముడు మళ్లీ ఆ మంచం మీదికి వెళ్తాడు, మళ్లీ ఆ నోరు మూతపడుతుంది. ఈసారి మూతపడితే ఉప్పూ పప్పూ దాన్ని తెరవలేవని అతనికి తెలుసు. ఇవన్నీ ఎవరో పక్కింటివాళ్ల సంగతుల్లా వరసగా తోచాయి. జగ్గయ్య ఇంటికి వెళ్లి వాళ్ల హీటరు అడిగాడు.

జగ్గయ్య రిటైరైన క్రేన్ ఆపరేటరు. లుంగీ ఎగ్గట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు.

"వానాకాలంలో హీటరేటి బావూ? రొట్టెలు కాల్చుకుంటావా?"

"దుప్పట్లకి."

"ఆరబెట్టడం నీకు సెప్పీవాడెవడున్నాడులే" అని తెచ్చి ఇచ్చాడు.

రెండో హీటరు కూడా పెట్టాడు. గోనెసంచి తీసి, మందంగా ఉంటుందని పాత కంబళి కుక్కాడు. లోపలికి వెళ్తే ముక్కులోకి ఆవిరి కొట్టింది. బాగా కాలుతోంది అనుకున్నాడు. బుధవారం తెల్లవారుజామున దుప్పట్లు ఎప్పటికన్నా వేడిగా ఉన్నాయి. ఒకటి గోపాలం కింద వేసి, ఇంకొకటి మడిచి దులారి కోసం కుర్చీ మీద పెట్టి డ్యూటీకి వెళ్లాడు.

మధ్యాహ్నం వచ్చేసరికి ఆ దుప్పటి ఇంకా కుర్చీ మీదే ఉంది. దులారి వెళ్లిపోకుండా గుమ్మంలో కూర్చుని ఉంది.

"మార్చలేదా?" అని అడిగాడు హిందీలో.

"గీలా హై, భయ్యా" అంది దులారి. తడిగా ఉంది.

"పొద్దున్నే వేడి మీద తీసి పెట్టాను."

"వేడిగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు చల్లారింది, తడి బయటపడింది."

సత్యమూర్తి దుప్పటి అందుకుని అరచేత్తో నిమిరాడు. తిరగేసి నిమిరాడు. మడత లోపలికి వేళ్లు పెట్టి చూశాడు. పొడిగానే ఉంది.

"సూఖా హై" అన్నాడు.

దులారి లేచి వచ్చింది. దుప్పటి కొస ఒకటి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. తరవాత ఆ కొసని అతని చేతికిచ్చి, చెంప చూపించింది. అతను చెంపకి పెట్టుకున్నాడు. గడ్డం మాసి ఉంది, సరిగా తెలియలేదు. పెదవికి ఆనించుకున్నాడు.

చల్లగా తగిలింది. అప్పుడే నీళ్లలోంచి తీసి పిండినట్టు కాదు. బావి గట్టు రాయి మీద పెదవి పెట్టినట్టు.

మళ్లీ చేత్తో చూశాడు. చేతికి పొడి. పెదవికి తడి.

చేతులు తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు సున్నం కలిపిన చేతులు, వేడి ఇటుకలు మోసిన చేతులు. వేళ్ల కొసలు నున్నగా, పసుప్పచ్చగా, గీతలు కూడా అరిగిపోయి ఉన్నాయి. వేడి టీ గ్లాసు వాటితో పట్టుకుంటే చూసేవాళ్లు ఆశ్చర్యపోతారు, అతను లోలోపల కొంచెం గర్వపడేవాడు కూడా. ఆ చేతుల్ని నమ్మి పది రోజులుగా తడి దుప్పట్లు పరిచాడు. వాటి మీద పడుకున్నవాడికి కింద ఏమీ తెలియదు. పరిచినవాడికి చేతుల్లో తెలియదు.

"చెయ్యి చెప్పదు భయ్యా" అంది దులారి, చెప్పులు వేసుకుంటూ. "మా అత్త చెంపకి పెట్టి చూసేది. పిల్లల బట్టలు అలాగే చూస్తాం."

ఆవిడ వెళ్లాక వెనక గది తలుపు తీశాడు. పగటి వెలుతురులో ఆ గదిని సరిగా చూసి చాలా రోజులైంది. గోడల నిండా నీటి చారలు. క్యాలెండరు కింది అంచున బొట్లు వేలాడుతున్నాయి. తలుపు చెక్క ఉబ్బింది. ఈ నీళ్లన్నీ ఎక్కడివి? కప్పు కారదు. పైపు లేదు. దుప్పట్లలోంచి లేచిన నీళ్లు గది దాటలేక గోడలకి పట్టి, చాలక మళ్లీ దుప్పట్లలోకే వెళ్లాయి.

లాడిల్‌కి ఉక్కు డొక్క ఉంటుంది, ఆ డొక్కకి చిటికెన వేలంత రంధ్రాలు వరసగా ఉంటాయి. లోపల మంట పెడితే ఆ రంధ్రాల్లోంచి ఆవిరి దారాల్లా వస్తుంది. ఆవిరి ఆగిందంటే బాన ఆరినట్టు. ఎంత వేడెక్కిందని ఎవరూ అడగరు. ఆవిరి ఆగిందా అనే అడుగుతారు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ అతను మొదటి రోజు చెప్పే నాలుగు మాటల్లో అదొకటి. ఇంట్లో మూత పెట్టాడు, మంట పెట్టాడు. రంధ్రాలు మాత్రం తనే వెతికి వెతికి, గుడ్డపీలికలు కుక్కి మూశాడు.

కిటికీ సందుల్లోంచి పీలికలు పీకేశాడు. రెక్కలు రెండూ తెరిచాడు. బయట తుంపర పడుతోంది, పడనిమ్మన్నాడు. హీటరొకటి జగ్గయ్యకి ఇచ్చేశాడు. టేబుల్ ఫ్యాను తెచ్చి కిటికీకి ఎదురుగా, గాలి బయటికి తోసేటట్టు పెట్టాడు. నాలుగు తాళ్లలో రెండు విప్పేశాడు. ఒక దుప్పటికీ ఇంకో దుప్పటికీ మధ్య మూరెడు జాగా వదిలాడు. ఉతికినవాటిని వరండా స్తంభానికి మెలేసి, ఇంక ఒక్క చుక్క రాదు అనేదాకా పిండాడు. పిండినదాన్ని పొడి తువ్వాల్లో చుట్టి మీద మోకాళ్లు వేసి కూర్చున్నాడు. తువ్వాలు తడిసింది. ఇంకో తువ్వాలు తెచ్చాడు. సాయంత్రానికి మొదటి దుప్పటి ఆరింది. ఇస్త్రీపెట్టె పెట్టాడు, బుస్సుమనలేదు. పెదవికి పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడమే కావాల్సింది.

అది తమ్ముడి కింద వేస్తూ, ఇవాళ చెప్పేయాలి అనుకున్నాడు. మాటలు ఎలా పేర్చాలో తెలియక తిన్నగా అనేశాడు.

"ఇన్నాళ్లూ తడివే ఏసినానురా."

గోపాలం కప్పుకేసి చూశాడు. తరవాత, "తెలుసు" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"వాసన. ముక్కు నాకు బాగానే పని సేస్తందన్నా. దుప్పటి ఏసిన గంటకి ముక్కిన పిండి వాసన. పది రోజులై."

"మరి సెప్పవేం?"

"సెప్తే ఏటి సేద్దువు? ఆరలేదని ఇంకో గంట కూకుందువు. రాత్రి రెండింటికి లెగిసి ఇంకోపాలి సూద్దువు. పొద్దుటే లాడిల్ కాడ తూలి పడుదువు. నాకు పుండొస్తే సిస్టరొస్తది. నువ్వు పడితే నన్నెవడు తిప్పుతాడు? జగ్గయ్యా? ఆడు లుంగీయే కట్టుకోలేడు."

సత్యమూర్తి దుప్పటి ముడతలు సరిచేశాడు. లేని ముడత కూడా సరిచేశాడు.

"సెప్పాల్సింది" అన్నాడు.

"నువ్వు సెప్తావేటి అన్నీ?" అన్నాడు గోపాలం.

గురువారం మొత్తం పొడి దుప్పట్లే పడ్డాయి. దులారి చెంపకి పెట్టి చూసి వేసింది. శుక్రవారం పొద్దున్న కూడా అంతే. సత్యమూర్తి ఆ రోజు సెలవు పెట్టాడు.

ఇందుమతి పదకొండింటికి వచ్చింది. పట్టీ ఊడదీసి, వంగి, లైటు దగ్గరికి తెమ్మంది. సత్యమూర్తి మొబైల్ లైటు పట్టుకున్నాడు.

"బాగుంది" అంది ఆవిడ. "పైన ఎర్రగా వస్తోంది. చర్మం కూడా మునపట్లా నానిపోయి లేదు."

గోపాలం "చూశావా" అన్నట్టు అన్న వైపు కళ్లెత్తాడు.

ఆవిడ సన్నటి పుల్ల చివర దూది చుట్టి, మందులో ముంచి, పుండు అంచు కింద పెట్టింది. పుల్ల లోపలికి వెళ్లింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. చర్మం కిందనుంచి పక్కకి వెళ్తూనే ఉంది. రెండు వేళ్ల మేర వెళ్లి ఆగింది. గోపాలం అన్న వైపే చూస్తున్నాడు, వాడికి పుల్ల సంగతి తెలియదు. సత్యమూర్తి చేతిలో లైటు కదల్లేదు.

"లోపల సంచీలా అయిపోయింది అంకుల్" అంది ఇందుమతి హిందీలో, గొంతు తగ్గించి. తెలుగులో మళ్లీ చెప్పింది. "వారం ముందే తడి ఆగి ఉంటే వేరే సంగతి. ఇప్పుడు రాయక తప్పదు."

తన భుజం సంచీలోంచి కాగితాల పుస్తకం తీసింది. పేరు రాసింది, వయసు రాసింది.

"ఇంత తడి ఎక్కడిదో రాయాలి. గొట్టం కారిందా, ఏం జరిగింది?"

"సెమట సిస్టర్" అన్నాడు గోపాలం వెంటనే. "మీద వాన, కింద సెమట. అదే రాసీ."

ఆవిడ పెన్ను కాగితం మీద పెట్టింది.

లాడిల్ ఆరబెట్టిన మనిషి దాని డొక్క మీద సుద్దతో తన పేరూ టైమూ రాయాలి. తరవాత ఏదన్నా జరిగితే ఎవడిని అడగాలో ఆ సుద్ద చెప్తుంది. పేరు రాయకుండా పక్కకి తప్పుకున్నవాడిని సత్యమూర్తి తన బృందంలో ఉంచుకోలేదెప్పుడూ.

"చెమట కాదమ్మా" అన్నాడు. "దుప్పట్లు ఆరలేదు. ఆరాయనుకుని వేశాను. పది రోజులు. నేనే."

"అన్నా" అన్నాడు గోపాలం.

"ఆరాయని ఎలా అనుకున్నారు? ముట్టుకుని చూడరా?"

"చేత్తోనే చూశాను."

ఇందుమతి అతని కుడిచెయ్యి అందుకుంది. అతను తమ్ముడి మొహం చూస్తున్నాడు. గోపాలం మొహం అప్పటికే గోడకి తిరిగింది.

"తెలుస్తోందా అంకుల్?"

"ఏది?" అన్నాడు.

దించి చూస్తే ఆవిడ పెన్ను ములుకు అతని చూపుడువేలి కొసకి గుచ్చి ఉంది. నీలం చుక్క పడింది.

ఆవిడ చెయ్యి వదిలేసి రాసుకుంటూ పోయింది. "ఇది రాయడం మంచిదే" అంది తలెత్తకుండా. "ఎందుకు వచ్చిందో తెలియకపోతే ఇంటికి పంపడానికి అక్కడివాళ్లు వెనకాడతారు. కారణం తెలిసింది, ఇంట్లో సరిచేశారు అని రాస్తున్నా. రెండు నెలలకి పంపిస్తారు. మూడు అవచ్చు. సోమవారం పొద్దున్న ఆంబులెన్సు."

సత్యమూర్తి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం గోపాలం అన్నం వద్దని తల ఊపాడు. సాయంత్రం తిన్నాడు. ఉప్పు సరిపోయిందా అంటే జవాబు లేదు. శనివారం దులారి తన పెద్ద కొడుకు పెళ్లిచూపులు చెడిపోయిన కథంతా చెప్పింది. మామూలుగా అయితే అమ్మాయి తరఫున రెండు, అబ్బాయి తరఫున నాలుగు ప్రశ్నలు వేసేవాడు గోపాలం. కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. జగ్గయ్య వచ్చి లుంగీ మీద తనే ఒక హాస్యం వేసుకుని, కాసేపు కూర్చుని లేచాడు. ఆదివారం ఎవరూ రాలేదు. సత్యమూర్తి మూడు దుప్పట్లు ఉతికాడు, పిండాడు, ఫ్యాను ముందు వేశాడు, పెదవికి పెట్టి చూసుకున్నాడు, పరిచాడు. పొడి దుప్పటి మీద ఆ మూడు రోజులూ వాడు పలకలేదు.

సోమవారం ఎనిమిదిన్నరకి ఆంబులెన్సు వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు స్ట్రెచరు మీదికి మార్చారు. గోపాలం వాళ్ల చేతుల్లో బియ్యం బస్తాలా అటూ ఇటూ ఒరిగాడు. గడప దాటేటప్పుడు వాన చుక్కలు మొహం మీద పడితే రెప్పలు మూశాడు, అంతే. సత్యమూర్తి బట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని పక్క బల్ల మీద కూర్చున్నాడు. తలుపులు మూశారు.

లోపల కిటికీలకి సగం దాకా తెల్లరంగు వేసి ఉంది. పైన నాలుగు వేళ్ల మేర మాత్రం అద్దం. పడుకున్నవాడికి కనిపించేది కప్పులో ట్యూబు లైటొక్కటే. గోపాలం దాన్ని చూస్తున్నాడు. చూస్తున్నాడనడం కూడా తప్పు, కళ్లు దాని మీద ఉన్నాయి.

బండి రాయపూర్ వెళ్లే జీఈ రోడ్డెక్కింది. సత్యమూర్తి తమ్ముడి మొహం చూశాడు. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని నెలల తరబడి చూసిన మొహమే. ఏదో ఒకటి అనాలి అనుకున్నాడు. ఏమనాలి? తగ్గిపోతుంది అనాలా? తగ్గుతుందో లేదో తనకు తెలియదు. తప్పు నాది అనాలా? అది శుక్రవారమే అన్నాడు, అప్పటి నుంచే వాడు పలకడం లేదు. ఇన్నేళ్లూ ఇద్దరి తరఫునా మాట్లాడింది తమ్ముడే. మాట వెతుక్కోవడం ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాలి.

మెడ సాచి అద్దంలోంచి బయటికి చూశాడు.

"పవర్‌హౌసు సెంటరొచ్చింది" అన్నాడు.

గోపాలం కదల్లేదు.

"అరటిపళ్ల బళ్లు లైనుగా ఉన్నాయి. ఒకడు గొడుగు పళ్ల మీద కట్టినాడు. ఆడు తడుస్తన్నాడు."

తన గొంతు తనకే వింతగా వినిపించింది. డ్రైవరు పక్కన కూర్చున్న కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకి తిరిగాడు.

"ఖుర్సీపార్. ట్రాఫికాపినారు. స్కూలు పిల్లలు దాటతన్నారు. ఒక పిల్లకి సెప్పు తెగింది. సేత్తో పట్టుకుని కుంటుతంది." కాసేపాగాడు. "దాటింది."

రోడ్డు పక్కన గుంటల్లో నీళ్లు, నీళ్లలో గేదెలు, ఒక గేదె మీద తెల్ల కొంగ. అది చెప్పాడు. వానలో తడుస్తున్న లారీ మీద కప్పిన నీలం టార్పాలిను ఒక మూల ఊడి కొట్టుకుంటోంది. అదీ చెప్పాడు. పెళ్లికార్డుల బోర్డు చెప్పాడు. పంక్చరు షాపులో నిద్రపోతున్నవాడిని చెప్పాడు. ఇన్ని మాటలు ఒక్కసారి అతని నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. గొంతు ఎండిపోయింది. ఆపితే ఆ బండిలో ఏముంటుందో తెలుసు కాబట్టి ఆపలేదు. గోపాలం కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడో, వినడం ఇష్టం లేకో.

"కుమ్హారి వచ్చీసింది" అన్నాడు సత్యమూర్తి.

బండి ఒక గతుకులో పడి లేచింది.

"కుమ్హారి కాదు" అన్నాడు గోపాలం. కళ్లు తెరవలేదు. గొంతు బొంగురుగా ఉంది. "చరోదా."

సత్యమూర్తి తమ్ముడి వైపు తిరిగాడు.

"రైలు యార్డులో డబ్బాలు గుద్దుకుంటన్నాయి. ఇనపడ్డం నేదా? కుమ్హారికి ఇంకా బోలెడుంది."

అతను చెవి పెట్టాడు. ఇంజను చప్పుడు వెనక, దూరంగా, ఇనుముకి ఇనుము తగిలిన శబ్దం ఒకటి, దాని వెనక వరసగా ఇంకొన్ని. బయట వెళ్లిపోతున్న బోర్డు మీద హిందీ అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"అవును" అన్నాడు. "చరోదాయే."

"తెలియకపోతే తెలీదని సెప్పు. ఊళ్లు మార్చకు." గోపాలం నాలికతో పెదవులు తడుపుకున్నాడు. "తరవాతేటుందో సూడు."

సత్యమూర్తి బల్ల మీంచి సగం లేచి, తల వంచి, అద్దం మీద పట్టిన ఆవిరి మోచేత్తో తుడిచాడు.